మెర్డెకా చెడుగుడులో నేను చేసిన న్యాయం

పెళ్లికాని కుర్రాళ్లందరినీ ఎండలో వరసగా నిలబెట్టి, వాళ్ల తల్లులందరి చేతా తిట్లు తిని, తన వాళ్లు గెలవాలని పన్నిన ఎత్తులో తానే పడి ఓడిపోయిన మహానుభావుణ్ణి మీరెక్కడైనా చూశారా? చూసి ఉండరు. మలేషియాలో మా పెరాక్ రాష్ట్రం మొత్తం మీద అలాంటివాడు ఒక్కడే పుట్టాడు. వాడే ఇప్పుడు పళ్లన్నీ ఊడి, జారిపోతున్న కళ్లద్దాలు ఎగదోసుకుంటూ ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాడు.

నిజానికి ఈ పరువు తక్కువ సంగతి నాతోనే పోవలసింది. మొన్న సైబర్‌జయలో మా మనవడు రవి ఇంటికి వెళ్లడం వల్ల బయటపడింది. రవికి తెలుగు అర్థమవుతుంది గాని నోట్లోంచి రావడానికి సిగ్గుపడుతుంది. గోడంత టీవీలో రగ్బీ లీగ్ పెట్టుకుని స్నేహితులతో తగువులాడుతున్నాడు. ఆ ఆట మీరు చూశారో లేదో, కోడిగుడ్డు లాంటి బంతిని చంకలో ఇరికించుకుని ఒకడు పరిగెడితే, వాడేదో ఇంట్లో దొంగతనం చేసినట్టు అందరూ మీద పడతారు. తగువు ఆట గురించి కాదు. కొత్తగా వచ్చే కుర్రాళ్లను క్లబ్బులు వంతులవారీగా ఎంచుకోవాలా, అక్కర్లేదా అని.

"తాతా, లాస్ట్ వచ్చిన టీమ్‌కి ఫస్ట్ చాయిస్ ఇవ్వాలి. లేపోతే పెద్ద క్లబ్బే ఎప్పుడూ గెలుస్తాది. ఫెయిర్ లా!" అన్నాడు రవి.

"ఎంచుకున్నోడ్ని ఓ మాట అడుగుతార్రా?"

"అడగడం ఎందుకు తాతా? సిస్టమ్!"

తాగుతున్న కోపీ, అదే మా ఊరి కాఫీ, పొలమారి ముక్కులోంచి వచ్చింది. సిస్టమట! నాకు చెబుతున్నాడు! వీళ్ల నాన్న పుట్టకముందే ఆ సిస్టమ్‌ని కొబ్బరితోటలోకి దింపి దాని చేత తన్నులు తిన్నవాణ్ణి నేను. వంటింట్లోంచి మా ఆవిడ పైడమ్మ కిసుక్కుమంది. అరవై ఏళ్లు దాటినా ఆ నవ్వు అరగలేదు.

సరే, వినండి.

హుటాన్ మెలింటాంగ్ దాటాక ఏటి వెంబడి మా తోట. అందులో మూడు డివిజన్లు: మేముండే మిల్లు డివిజన్, ఏటి ఒడ్డున గట్టు డివిజన్, వెనక లోపలి డివిజన్. అడవిలో కమ్యూనిస్టులు, రోడ్ల మీద తెల్లవాళ్ల సైన్యం, ఇళ్ల చుట్టూ ముళ్లకంచెలు. స్వాతంత్ర్యానికి ముందు తెల్లవాళ్లు పెట్టిన ఎమర్జెన్సీ అంటే మాకు అదే. గేటు దాటాలంటే గుర్తింపు కార్డు, సాయంత్రమైతే కర్ఫ్యూ. పక్క డివిజన్‌లో పెళ్లీడు కుర్రాడున్నాడని తెలిసినా, వెళ్లి చూసి రావడం ఇంగ్లండు వెళ్లి రావడమంత పని. ఇలా ఏళ్లు గడిచాయి. ఈ ముక్క మనసులో పెట్టుకోండి. నేను పెట్టుకోలేదు, అదే కొంప ముంచింది.

చెడుగుడులో గట్టు డివిజన్‌దే ఎప్పుడూ గెలుపు. దానికి కారణం ఆ డివిజన్ కంగాణి, అంటే కూలీల మీద పెత్తందారు, అసిరినాయుడు. ఎక్కడ కాస్త కండ ఉన్న కుర్రాడు కనిపించినా దొరకి చెప్పి తన డివిజన్‌కి మార్పించుకునేవాడు. పందెం నాడు మేకమాంసం వండించేవాడు. మిగిలిన ఎముకలు మేము: దగ్గేవాళ్లు, కుంటేవాళ్లు, నేను. ప్రతి ఏడూ ఆఖరి స్థానం మాదే. మా ఓటమిని చూసి తోటలో కుక్కలు కూడా ఆవులించేవి.

ఆ అసిరినాయుడి కూతురే పైడమ్మ. కొబ్బరి ఎండబెట్టే షెడ్డులో పనికి వచ్చేది. నన్ను చూసి ఒకసారి నవ్వింది. (నేను తడి కొబ్బరి మట్ట తొక్కి వెల్లకిలా పడ్డందుకు నవ్విందని తర్వాత తెలిసింది. నవ్వు నవ్వే కదా!) మా అమ్మ ధైర్యం చేసి కబురు పెట్టింది. అసిరినాయుడు తొడ చరిచి జవాబు పంపాడు:

"మీవోడ్ని ముందు మా గీత దాటొచ్చి, ఊపిరితో ఎనక్కెల్లమను. అప్పుడు సూద్దాం!"

నాకు ఒళ్లు మండింది. నేనేమీ తక్కువవాణ్ణి కాదు, చదువుకున్నవాణ్ణి! తోట బడి నాలుగో తరగతితో ఆపేస్తే, దొర బంగళా వెనక పారేసిన పత్రికలు ఏరుకొచ్చి, డిక్షనరీ పక్కన పెట్టుకుని నాకు నేనే చదువు చెప్పుకున్నాను. అలా ఒక చిరిగిన అమెరికా పత్రికలో కనబడింది ఈ ఉపాయం. ఓడినవాడు ముందు ఎంచుకోవాలి! చదివాక గంతేశాను. ఎప్పుడూ ఓడేది మేమే కదా, మొదటి వంతు మాదే. లోపలి డివిజన్‌లో, అసిరినాయుడు ఇంకా మార్పించుకోని సింహాచలం అనే కుర్రాడున్నాడు. వాడు కూతకెళ్తే నలుగురు పట్టుకున్నా నలుగురినీ ఈడ్చుకుంటూ గీత దాటేవాడు. వాణ్ణి మేము పట్టేస్తాం, గట్టు వాళ్లని మట్టి కరిపిస్తాం, నేను గీత దాటుతాను, పైడమ్మ నాది. కాగితం మీద ఎంత బావుందో!

అది మెర్డెకా ఏడు. దేశానికి స్వాతంత్ర్యం వస్తోంది, జెండా ఎగరేసే రోజున చెడుగుడు పందెం పెట్టమని దొర చెప్పాడు. కిరాణీని, అంటే తోట గుమాస్తాని, కాళ్లావేళ్లా పడి నా ఉపాయం దొర చెవిన వేయించాను. దొర ముచ్చటపడి సరేనన్నాడు. పొద్దున్న హాజరు పలికే చోట పెట్టె మీదికెక్కి నేనే నియమాలు చదివాను. కుర్రాళ్లంతా ఒకటే గుంపు, ఒక్కణ్ణీ మిగల్చకూడదు. ఆఖరి డివిజన్‌కి మొదటి వంతు. ఎంచినవాణ్ణి వదలకూడదు. ఇంతవరకు అమెరికా వాడిదే. నాలుగోది నా సొంత తెలివి: ఎంచేది డివిజన్ పెద్దలే.

పెద్దలు నేల మీద కూర్చుని ఉండగా కుర్ర కెప్టెన్ ముందుకొచ్చి పేర్లు పిలిస్తే మనవాళ్లలో మర్యాదగా ఉంటుందా, మీరే చెప్పండి. ఉండదు. అందుకని పెట్టాను. అసిరినాయుడు ఒప్పుకోడేమోనని భయపడ్డాను గాని, ఆయన మీసం దువ్వుకుని, "కుర్రోల్లందర్నీ ఒక్కసోట నిలబెడతావేటి? మంచి పనే!" అన్నాడు. అంత తేలిగ్గా ఒప్పుకున్నప్పుడే నాకు అనుమానం రావలసింది. రాలేదు.

ఎంపిక నాడు మైదానంలోకి అడుగుపెట్టాను. పెద్దలు ఒంటరిగా రాలేదు. పెళ్లాలతో వచ్చారు. చాపలు పరిచారు. పళ్లేల్లో తమలపాకులు, వక్కలు, అరటిపళ్లు. ఏళ్ల తరబడి కంచెల వెనక ఆగిపోయిన పెళ్లిచూపులన్నీ ఒక్క పూటలో జరిపేయడానికి తోటలో ఆడపిల్లలున్న ఇళ్లన్నీ కదిలొచ్చాయి. నేను చెడుగుడు పెట్టాననుకున్నాను. నేను పెట్టింది అల్లుళ్ల సంత!

మొదటి వంతు మాది. మా పెద్ద రాములు తాత లేచాడు. నేను వెనక నుంచి, "తాతా, సింహాచలం. సింహాచలం" అని గొణుగుతూనే ఉన్నాను. ఆయన నోరు తెరిచేలోగా పెళ్లాం పోలమ్మ అవ్వ లేచి సింహాచలం చుట్టూ ఒక ప్రదక్షిణ చేసింది.

"ఏటి నాయినా, మీ ఇంటిపేరేటి?"

"గొర్లె."

"అయ్యో! మనమూ గొర్లోల్లమే కదా! మనవరాలికి అన్నవుతాడు. ఈడొద్దు."

"అవ్వా!" అని అరిచాను. "అన్నయితే ఏటి? కూత పెట్టడానికి ఇంటిపేరెందుకు?"

"నువ్వుండరా. ఒరే ఆ చివర సన్నంగా ఉన్నోడా, నువ్వేటి సేస్తావు?"

"వంట సేస్తానవ్వా," అన్నాడు వాడు.

"ఈడే!" అంది పోలమ్మ అవ్వ. చేతిలో తాంబూలం పెట్టేసింది.

మా మొదటి వంతు, తోట చరిత్రలో మాకు దక్కిన మొట్టమొదటి గౌరవం, చింతపులుసు కాచేవాడికి పోయింది. నేను తల పట్టుకున్నాను. లోపలి డివిజన్ పెద్ద ఒక కుర్రాడి పళ్లు చూశాడు, రెండో కుర్రాణ్ణి "ఊదు" అని నోటి దగ్గర ముక్కు పెట్టి కల్లు వాసన చూశాడు, వాసన లేనివాణ్ణి తీసుకున్నాడు. మూడో వంతు అసిరినాయుడిది. ఆయన నెమ్మదిగా నడిచొచ్చి సింహాచలం భుజం మీద చెయ్యి వేశాడు.

"గొర్లె మాకు కుదురుద్ది. మా పైడికి ఈడూ జోడూ. రా బాబూ!"

ఆయన పెళ్లాం తాంబూలం అందించింది.  ఆఖరివాళ్లకి మేలు చెయ్యాలని నేను చేసిన న్యాయం తిన్నగా వెళ్లి మొదటివాడి ఇంట్లో అల్లుడై కూర్చుంది!

ఆ తర్వాత వరస మీద వరస. ప్రతిసారీ నేను ఊపిరి బిగబట్టి ఛాతీ పొంగించేవాణ్ణి, ప్రతిసారీ పక్కవాణ్ణి తీసుకుపోయేవారు.

"ఈ బక్కోడో?"

"పుస్తకాలు సదువుతాడంట. కల్లు పోతాయి. ఒద్దమ్మా!"

"ఈడికి మేనమావ లేడు, మేనత్తా లేదు. అడిగేవోల్లెవరూ లేరు, పాపం."

అదీ నిజమే. మా అమ్మ వాళ్ల అమ్మకి ఒక్కతే, మా నాన్న వాళ్ల నాన్నకి ఒక్కడే. చివరికి మైదానంలో ఇద్దరమే మిగిలాం: నేను, గోల్‌పోస్టుకి కట్టేసిన మేక. ప్రతి వరసలోనూ ఆఖరి వంతు గట్టు డివిజన్‌దే. అసిరినాయుడు నన్నూ, మేకనూ మార్చి మార్చి చూసి నిట్టూర్చాడు.

"ఈడ్నేటి సేసుకోను?"

"నియమం మావా, ఎంచాలి," అన్నాను.

"నీ నియమం తగలెయ్య! రా!"

పళ్లెంలో మిగిలిన తాంబూలం ఆయన పెళ్లాం అలవాటు కొద్దీ నా చేతిలో పడేసింది. నాకు ఏడుపు తన్నుకొస్తోంది. ఆ దుఃఖంలో ఏం చేస్తున్నానో తెలియక దాన్ని నోట్లో పెట్టుకుని నమిలేశాను.

మెర్డెకా రోజు వచ్చింది. కొబ్బరాకుల తోరణాలు, కొత్త జెండా, అందరి ముఖాల్లోనూ ఒకటే వెలుగు. కంచె గేటు బార్లా తెరిచి ఉంటే దాని గుండా పిల్లలు ఊరికే ఇటు నుంచి అటూ, అటు నుంచి ఇటూ పరిగెడుతున్నారు. మిల్లు డివిజన్‌కీ గట్టు డివిజన్‌కీ ఆఖరి ఆట. నేను పుట్టి పెరిగిన డివిజన్ గీతకి అవతల, నేను ఇవతల. ఆట మొదలవబోతోందనగా తోట లారీ ఒకటి వచ్చి ఆగింది. అందులోంచి, ఎంపిక నాడు ఎవరూ పిలవని కుర్రాళ్ల తల్లులు దిగారు. అందరికంటే ముందు సింహాచలం తల్లి, చేతిలో వాడిన తమలపాకులతో.

"ఎవడ్రా ఆడు? నా తమ్ముడి కూతురు పుట్టినప్పుడే నా కొడుక్కని అనుకున్నాం. నడిమజ్జిన మీరెవర్రా ఎంచడానికి? ఇదుగో మీ తాంబూలం!"

ఆకులు వచ్చి అసిరినాయుడి తలపాగా మీద పడ్డాయి. సింహాచలాన్ని చెవి పట్టుకుని లారీ ఎక్కించింది. తర్వాత మిగతా తల్లులు! ఒకడికి మేనమామ కూతురు, ఒకడికి మేనత్త కూతురు, ఒకడికి ఇద్దరూ. గట్టు డివిజన్ కండలన్నీ వరసగా లారీ ఎక్కేశాయి. పోలమ్మ అవ్వ ఎంచిన సన్నవాళ్లని ఏ మేనమామా ముందే అల్లుడనుకోలేదు, వాళ్ల కోసం మాత్రం ఏ తల్లీ రాలేదు.

"ఇక మిగిలిందెవరు?" అని అసిరినాయుడు గోల పెట్టాడు.

నేను చెయ్యెత్తాను.

కూతకి వెళ్లాను. "చెడుగుడు చెడుగుడు" అంటూ గీత దాటానో లేదో, ఆ వంటవాడు గిన్నె దింపినట్టు నా నడుం పట్టుకుని నేల మీద దింపాడు. ఊపిరి పోయింది, ఆట పోయింది. ఎన్నడూ గెలవని మిల్లు డివిజన్ గెలిచింది! రాములు తాత చిందులు తొక్కాడు. నేను మట్టిలో పడుకుని, ఆనందించాలో ఏడవాలో తెలియక దగ్గుతున్నాను.

అసిరినాయుడు నా మీదికి వంగాడు. "ఒరే, అందరూ తాంబూలాలిచ్చేసినారు. నీదీ ఇచ్చేసి పో."

"లేదు మావా."

"ఏదీ?"

"నమిలేసినాను."

 మనవాళ్లలో తాంబూలం పుచ్చుకుంటే మాట ఇచ్చినట్టే, తిరిగిచ్చేస్తే మాట విడిచినట్టు. నమిలేస్తే ఏమిటో పెద్దలెవరికీ తెలియదు. అప్పుడు షెడ్డు నీడలోంచి పైడమ్మ వచ్చింది.

"మింగినావా, ఉమ్మినావా?"

"మింగినాను."

"నాన్నా, నియమం నియమమే. ఎంచినోడ్ని వదలకూడదు. పెట్టె ఎక్కి సదివినాడు, నానూ విన్నాను."

"ఈడు ఆడలేడే!"

"నానేటి చెడుగుడుకి సేసుకుంటానా?" అని నా వైపు తిరిగింది. "అందరూ ఎంచేవోల్లే గాని అడిగేవోల్లు లేరు. నిన్ను నానడుగుతున్నాను. నీకిష్టమేనా?"

ఊపిరి లేదు కాబట్టి తల ఊపాను. గీత దాటొచ్చి ఊపిరితో వెనక్కెళ్లమన్నాడు మామగారు. నేను కూత పెట్టి ఆయన వైపుకి దాటనూ లేదు, ఊపిరీ మిగల్లేదు. గీతకి ఆయన పక్కనే ఉండిపోయాను.

కాబట్టి రవీ, నీ రగ్బీ లీగ్ పెద్దలకి మీ తాత మాటగా చెప్పు. ఆఖరివాళ్లకి మొదటి వంతు ఇవ్వడం మంచిదే. మా మిల్లు డివిజన్ గెలిచింది, కళ్లారా చూశాను. ఎప్పుడూ ఓడేవాళ్లకి రేపు మనదేమో అనే ఆశ ఉండాలి. ఆ ఏడు దేశానికే ఉండింది, చెడుగుడుకి ఉండకూడదా? కాని ఎంచిన కుర్రాణ్ణి ఓ మాట అడగండి. వాడు సంతలో కొబ్బరికాయ కాదు. అడగరా, తల్లులు లారీ ఎక్కి వస్తారు. నన్నడగండి, చెబుతాను.

ఇక నా సంగతి. తెలుక్ ఇంటాన్ బజారులో ఉన్న తమలపాకులన్నిటి సాక్షిగా శపథం చేస్తున్నాను: ఈ జన్మలో ఇంకెప్పుడూ మనుషుల్ని వరసలో నిలబెట్టి పంచిపెట్టను. చేతిలో ఎవరు తాంబూలం పెట్టినా ఎందుకని అడగకుండా నోట్లో వేసుకోను.

ఇది బిగ్గరగా చదివితే పైడమ్మ వంటింట్లోంచి తల బయటపెట్టింది.

"పల్లే లేవు, నమలనని శపథమా? మల్లీ నిలబెట్టినా నువ్వు ఆఖర్నే మిగుల్తావు లే!"

"నేను కోరుకునేదీ అదేనే," అన్నాను.