మూడో ఏడు

లామినేషన్ యంత్రం వేడెక్కి ప్లాస్టిక్ వాసన రాగానే నాకు ఫతీ గుర్తొస్తాడు. గల్ఫ్‌లో, అస్కర్‌లోని మా కాంట్రాక్టు ఆఫీసులో కొత్తవాళ్ల గుర్తింపు కార్డులు చేసేది ఇప్పుడు నేనే.

ఫతీ ఈజిప్టు మనిషి. యాభై దాటిన ఫోర్‌మన్; మేమంతా ఉస్తాద్ అనేవాళ్లం. డిప్లొమాతో వచ్చిన నన్ను మొదటి రోజు ఆయన అడిగినవి మూడే: పేరు, చదువు, అన్నదమ్ములెంతమంది. ఒక్కణ్ణే అన్నాను. తర్వాత ఎనిమిది నెలలు స్టోరులో స్పానర్లు సరిచూసే పనే ఇచ్చాడు. ఎత్తున కట్టిన స్కాఫోల్డింగ్ ఎక్కి పనిచేసిన అనుభవం లేనిదే టెక్నీషియన్ గ్రేడు రాదు. నాతో వచ్చినవాళ్లంతా పైన ఉన్నారు. జగిత్యాల రాజన్న రోజూ నా దగ్గర సేఫ్టీ బెల్టు తీసుకుంటూ నవ్వేవాడు.

"నీకేంది తమ్మీ, ఒక్కనివి. నాకు ముగ్గురు తమ్ముండ్లు. నేను పడ్డా మా అవ్వకు ఇంక ముగ్గురుంటరని ఉస్తాద్ లెక్క."

ఒక మధ్యాహ్నం టీ దగ్గర నేరుగా అడిగేశాను, నన్నెందుకు పైకి పంపరని. ఫతీ పర్సులోంచి అంచులు పసుపెక్కిన, లామినేషన్ చేసిన కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. మా ఇద్దరికీ వచ్చిన అరకొర హిందీలో చెప్పాడు.

"మా దగ్గర మగవాడు సైన్యంలో చేసి తీరాలి. డిగ్రీ ఉంటే ఒక్క ఏడాది. బడికి పోనివాడికి మూడేళ్లు. నన్ను చదివించడానికి మా అన్న బడి మాని పొలం చేశాడు. వాడికి మూడేళ్లు పడింది."

"పూర్తి చేశాడా?"

"మూడో ఏడు శవం వచ్చింది. నేను ఒక్కడే కొడుకునయ్యాను. ఒక్కడే కొడుకైతే సైన్యం అక్కర్లేదని ఈ కాగితం ఇచ్చారు. ఇది లేకుంటే నన్ను దేశం దాటనిచ్చేవాళ్లు కాదు. ఖలాస్."

నేను ఊరుకోలేకపోయాను. "మరి రాజన్న, ఉస్తాద్? తమ్ముళ్లను చదివిస్తున్నది ఆయనే."

ఆయన టీ గ్లాసు పక్కన పెట్టాడు. కాగితాన్ని బొటనవేలితో తుడిచి పర్సులో పెట్టుకున్నాడు.

మర్నాడు గోడ మీది ఎత్తు పని జాబితాలో రాజన్న పేరు కొట్టేసి ఉంది. ఆ చోట ఫతీ తన పేరు రాసుకున్నాడు. దాని కింద, మొదటిసారి, నా పేరు.

"ముసలోనికి ఏమైందిర?" అన్నాడు రాజన్న. నేను స్టోరులోంచి రెండు బెల్టులు తీశాను.

పైకి ఎక్కేముందు ఫతీ నా బెల్టు కొక్కేన్ని రెండుసార్లు లాగి చూశాడు. ఆ చలికాలమంతా మాతో ఎక్కాడు, మోకాళ్లు పట్టుకుని దిగాడు. మరుసటి ఏడు సెలవు మీద ఊరెళ్లి, అక్కడే చనిపోయాడు.

ఇప్పుడు ఎత్తు పని జాబితా నాది. పేర్లు వరుస తప్పకుండా తిరుగుతాయి. అందులో నాదీ ఉంటుంది. కొత్తవాడు రాగానే అన్నదమ్ములెంతమందని అడగకుండా ఉండలేను. అన్నీ రాసుకునే అలవాటున్న నేను ఆ జవాబును మాత్రం ఎక్కడా రాయను. కొక్కేన్ని రెండుసార్లు లాగి చూసి పైకి పంపుతాను.