పరగోడు చింతచెట్లలో పచ్చపిట్ట కోసం

చింతామణి బజారులో బట్టల అంగడి చూసుకునే మా పిన్నమ్మ సుశీలమ్మ పోయిన కార్తీకంలో నాకొక ఫోటో పంపింది. చింతకొమ్మ మీద గుప్పెడంత పిట్ట. ఒళ్ళంతా పసుపు కలిసిన ఆకుపచ్చ, రెక్క మీద రెండు తెల్లటి గీతలు. బాగేపల్లి దగ్గరి పరగోడులో తన ఆడబిడ్డ చేను దగ్గర తీసిందట. ఫోన్‌లోని యాప్ దాన్ని వైరియో అని చెప్పింది. వైరియోలు అమెరికా ఖండాల పిట్టలు. వాటి చుట్టాలు కొన్ని హిమాలయాల వైపు ఉన్నా, బాగేపల్లి మెట్టచేలల్లో వైరియో కనబడదు. యాప్ తప్పు చెప్పడం నాకు వింతగా అనిపించలేదు. పిట్టని గొంతు విని గుర్తుపట్టడం నాకు నేర్పిన మనిషి, ఫోటో పంపి పేరు అడగడమే వింతగా తోచింది. మోకాళ్ళ నొప్పులంటూ ఆమె ఏడాదిగా నాతో పిట్టల్ని చూడ్డానికి రావడం కూడా మానేసింది. ఈసారి పిలిస్తే ఒప్పుకుంది.

శనివారం సాయంత్రం బెంగళూరు నుంచి బయలుదేరాను. చింతామణికి బస్సులో రెండు గంటల పైనే పడుతుంది. రాత్రి పిన్నమ్మ ఇంట్లో పడుకుని, తెల్లవారుజామున ఇద్దరం చేళూరు మీదుగా వెళ్ళే బాగేపల్లి బస్సెక్కాం. ఎండెక్కాక చిన్న పిట్టలు ఆకుల్లోకి దూరిపోతాయి కాబట్టి ఆ తొలి బస్సే మేలు. బాగేపల్లి బస్టాండు పక్కన ఇడ్లీలు తిని పరగోడుకు ఆటో మాట్లాడాను. పోనూ రానూ, అక్కడ ఆగడానికీ కలిపి నాలుగు వందలకు కుదిరింది.

“చేను చూసేకి పోతాండారా?” అన్నాడు డ్రైవరు.

“పిట్టలు చూసేకి,” అంది పిన్నమ్మ.

“మా ఇంటికాడ శానా ఉండాయి గదమ్మా. దానికింత దూరం పోవల్లా?”

పిన్నమ్మ నవ్వి ఊరుకుంది. ఆటో చప్పుడులో ఆ మాట వినపడలేదేమో అనుకున్నాను.

చేలో వేరుశనగ పీకేశారు. గట్టు మీద చింతచెట్లు, వాటి వెనక తుమ్మలు. ముందుగా వచ్చినవి వైట్-ఐలు, ఓ పదిహేను దాకా. కంటి చుట్టూ సున్నంతో గీసినట్టు తెల్లటి వలయం, పసుపు గొంతు. రెక్క మీద గీతలుండవు. గుంపుగా వచ్చి గుంపుగా పోతాయి. ఫోటోలోది ఇవి కాదని పిన్నమ్మ వెంటనే తేల్చేసింది. తర్వాత గ్రీనిష్ వార్బ్లర్ వచ్చింది. చలికాలానికి ఉత్తరం నుంచి వచ్చే పిట్ట ఇది. సూదిలాంటి ముక్కు, కంటి పైన పొడుగాటి లేత కనుబొమ్మ, రెక్క మీద ఉందా లేదా అన్నట్టు ఒకే ఒక గీత. ఒకచోట నిలవదు. కానీ అది కనబడక ముందే సన్నటి గొంతుతో పిలుస్తుంది.

అప్పుడూ పిలిచింది, సరిగ్గా పిన్నమ్మ తల మీది కొమ్మలోంచే. ఆమె తలెత్తలేదు. మళ్ళీ పిలిచింది. ఆమె దూరంగా తుమ్మల వైపే చూస్తోంది. ఆ పిలుపును నాకు మొదట వినిపించింది ఆమే. నేను బైనాక్యులర్స్ దించేశాను.

ఆమె నా మొహం చూసింది. “అరస్తాండాదా?” అంది.

“నీ పైనే ఉండాది పిన్నమ్మా.”

“నాకు ఇనపడదప్పా. ఏడాదాయ. మోకాళ్ళు బాగానే ఉండాయి. మనుషుల మాట మూతి చూసి పట్టుకుంటా. పిట్టలకు మూతి యాడ చూసేది?” అంది.

మెడలోంచి బైనాక్యులర్స్ తీసి నా చేతికివ్వబోయింది. ఇక తనకెందుకంది. నేను తీసుకోలేదు. ఇద్దరం గట్టు మీద కూర్చున్నాం.

ఆ తర్వాత చెట్టు లోపలి నుంచి ఒక ఈల వినబడింది. పొడుగ్గా సాగి, చివర కిందికి జారే ఈల. పిన్నమ్మ చటుక్కున తల తిప్పింది.

“అయోరా,” అంది. ఈ పిట్ట వానాకాలంలో పలికినంతగా ఇప్పుడు పలకదు, అయినా పలికింది. ఆమెకు వినబడింది. సన్నటి గొంతులు పోయినా ఇలాంటి లావు ఈలలు ఆమెకింకా అందుతున్నాయన్నమాట.

పిట్ట అంచుకొచ్చింది. పసుపుపచ్చ ఒళ్ళు, రెండు తెల్లటి గీతలు, తిన్నని మొనదేలిన ముక్కు. వైరియోకైతే ముక్కు చివర చిన్న కొక్కెం ఉంటుంది. ఫోటోలోది ఆడ అయోరా. పిన్నమ్మ బైనాక్యులర్స్ దించకుండా చాలాసేపు చూసింది. తర్వాత కళ్ళు తుడుచుకుందో, బైనాక్యులర్స్ అద్దం తుడిచిందో నేను పట్టించుకోలేదు.

సాయంత్రం చింతామణిలో అంగడి ముందు దిగాం. లోపల చిన్నాయన గుడ్డ మడతపెడుతున్నాడు. పిన్నమ్మ ఆయన ఎదురుగా నిలబడి, “నాకు చెవులు సరిగ్గా ఇనపడ్డంలే,” అంది.

ఆయన చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది. “పిలిస్తే పలకవు గదా, నా మింద కోపమనుకుంటి,” అన్నాడు.

“కోపమైతే నేను ఊరికే ఉండేదాన్నా?”

ఆ వారంలోనే ఇద్దరూ చిక్కబళ్ళాపురం వెళ్ళి పరీక్ష చేయించారు. ఇప్పుడామెకు చెవి మిషన్ ఉంది. వార్బ్లర్ ఇంకా సరిగా అందడం లేదట, కానీ బేరానికొచ్చిన వాళ్ళ మాటలు అందుతున్నాయట.

ఈ చిన్న పచ్చపిట్టల్ని వేరు చేయడానికి రంగు అంతగా పనికిరాదు, ఎండని బట్టి మారిపోతుంది. కన్ను, ముక్కు, రెక్క గీతలు చూస్తే చాలావరకు తేలిపోతుంది. గొంతు తోడైతే ఇంకా సులువు, లేకపోయినా పని ఆగదు. నేను అది పిన్నమ్మని చూశాకే నమ్మాను. వెళ్ళేవాళ్ళకు ఒకటే సూచన. పెద్దవాళ్ళు వెంట ఉంటే “అదిగో, అరుస్తోంది” అని వదిలేయకండి, పిట్ట ఉన్న కొమ్మను వేలితో చూపించండి.