కాసెట్‌లో పట్టని చరణాలు

మొన్న ఆగిరిపల్లి దగ్గర బస్సు ఆగితే కిటికీలోంచి మామిడి తాండ్ర ఎండుతున్న వాసన వచ్చింది. అందరికీ నోరూరించే ఆ వాసనకి నాకు మాత్రం గుండె దడ మొదలవుతుంది. నూజివీడులో మా పక్కింటి అన్నపూర్ణ పిన్ని డాబా మీద తాండ్ర చాపల పక్కనే, రేడియోలో వేసి అయిపోయిన సెల్స్ కూడా వరసగా పేర్చి ఎండబెట్టేది. "ఎండ తగిలితే వాటికి ప్రాణం లేచొస్తుందే" అనేది. ఎనభైల్లో మా వీధిలో ఆ మాట నమ్మని ఇల్లు లేదు.

పిన్ని మామిడికాయల వ్యాపారి భార్య. పెళ్ళి పాటలు, లాలి పాటలు, మంగళహారతులు ఆమెకి వచ్చినన్ని ఊళ్ళో ఇంకెవరికీ రావు. అన్నీ వాళ్ళ అమ్మమ్మ నోటి నుంచి నేర్చుకున్నవే. నేను డిగ్రీ చదివే రోజుల్లో సాయంత్రాలు కూర్చోబెట్టి నాకు నేర్పేది. నలుగురిలో పాడమంటే మాత్రం నా గొంతు పెగిలేది కాదు. "ఏంటే, దొంగతనం చేస్తున్నట్టు పాడతావు? గట్టిగా పాడు. తప్పొస్తే చెప్పడానికి నేను లేనూ?" అని కసిరేది.

ఒక వేసవిలో ఆమె గొంతులో గడ్డ బయటపడింది. ఆపరేషన్ చేస్తే మనిషి దక్కుతుంది, గొంతు మాత్రం దక్కదన్నారు బెజవాడ డాక్టరుగారు. బయల్దేరే ముందురోజు మధ్యాహ్నం, వాళ్ళ తమ్ముడు గల్ఫ్ నుంచి తెచ్చిన చిన్న టేప్ రికార్డర్ తెచ్చి నా ఒళ్ళో పెట్టింది పిన్ని. ఇంట్లో ఉన్న ఖాళీ కాసెట్ ఒక్కటే. పాటలన్నీ అందులోనే పట్టాలి. కరెంటు లేదు, ఎండబెట్టిన సెల్సే వేశాం. "పల్లవి, ఒక చరణం చాల్లే. మిగతావి నీకొచ్చు కదా" అంది. "నాకు సరిగ్గా రావు పిన్నీ" అన్నాను. వినిపించుకోలేదు. అప్పటికే గొంతు బొంగురుపోయింది. మధ్యమధ్య మంచినీళ్ళు తాగుతూ పాడింది. చక్రాలు ఎక్కడ ఆగిపోతాయోనని నేను కాసెట్ మీద నుంచి కళ్ళు తిప్పలేదు.

ఆపరేషనై ఇంటికొచ్చాక బాబాయిగారు ఆమె ముందు కూర్చుని, కొత్త సెల్స్ స్వయంగా వేసి మీట నొక్కారు. వచ్చింది పిన్ని గొంతు కాదు. ఎవరో చిన్నపిల్ల పరిగెడుతూ కీచుగా పాడుతున్నట్టుంది. "ఇదేంటమ్మా, పాడైపోయిందా?" అన్నారాయన నావైపు తిరిగి. ఇక ఆ గొంతు లోకంలో ఎక్కడా లేదనుకున్నాను. పిన్ని మాత్రం కాసేపు చెవి ఒగ్గి విని, డాబా వైపు వేలు చూపించింది. నీరసపు సెల్స్‌తో నెమ్మదిగా తిరుగుతూ రికార్డయిన పాట, కొత్త సెల్స్ వేసేసరికి పరుగందుకుంది. పాతవే మళ్ళీ ఎండబెట్టి వేశాం. ఆమె గొంతు వచ్చింది, ఆ బొంగురుతో సహా. బాబాయిగారు కండువా ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చారు.

ఆ సంతోషం ఎంతోసేపు లేదు. రెండో పాట మధ్యలోనే గొంతు సాగి, లావెక్కి, ఆగిపోయింది. పిన్ని నావైపు చూసింది. పాడక తప్పలేదు. పాట ఆగిన చోటు నుంచి అందుకున్నాను. కాసెట్‌లో లేని చరణంలోకి వెళ్ళాక ఒకచోట మాట తడబడింది. నా మోకాలి మీద తాళం వేస్తున్న ఆమె వేలు ఆగిపోయింది. మళ్ళీ పాడాను. మళ్ళీ ఆగింది. సరిగ్గా పలికేదాకా ఆ వేలు కదల్లేదు. ఆమె ఉన్నన్నాళ్ళూ మిగతా చరణాలన్నీ అలాగే, నోట మాట లేకుండానే దిద్దింది.

ఇప్పుడు మా వైపు పెళ్ళిళ్ళలో ఆ పాటలు నేనే పాడతాను, గట్టిగానే పాడతాను. బాగుందని అందరూ అంటారు. అలా అన్నప్పుడే నాకు భయం వేస్తుంది. పాడుతున్నంతసేపూ నా మోకాలి మీద ఆ వేలు ఎక్కడైనా ఆగుతుందేమోనని చూస్తుంటాను. ఆగదు. తప్పు రాలేదో, వచ్చినా చెప్పేవాళ్ళు లేరో నాకు తెలియదు.