మా అత్త అయస్కాంతమైన రోజు

ఇప్పుడంటే నా చదువు గురించి ఎవరైనా అడిగితే రెండు ముక్కల్లో చెప్పి ఊరుకుంటున్నాను గానీ, పీహెచ్‌డీలో చేరిన కొత్తలో దాని గురించి మాట్లాడటమంటే నాకు పండగలా ఉండేది. స్పినెల్ ఆక్సైడ్లు అనే పదార్థాల మీద నా పరిశోధన. లోహాల పొడులను రోట్లో నూరి, బిళ్లలు చేసి, కొలిమిలో కాల్చి, ఆ పైన ద్రవ హీలియంతో మన ఊహకందనంత చలిలోకి దింపి, లోపలి పరమాణువులు ఏం చేస్తున్నాయో కొలవాలి. ఒక్కో పరమాణువూ ఒక బుల్లి అయస్కాంతం. మామూలు అయస్కాంత పదార్థాల్లో చలి పెరిగేకొద్దీ అవన్నీ ఒక వరుసకు వస్తాయి. నావి రావు. ఆ అవస్థనే మా వాళ్లు ఫ్రస్ట్రేషన్ అంటారు (పేరు పెట్టిన పెద్దమనిషికి మా మేనత్త సంగతి తెలియదు).

ఆసారి సెలవుకు సిరిసిల్ల వచ్చాను. మా ఇంటి వెనకే బాపు మరమగ్గాల షెడ్డు. ఆ చప్పుడులో ఫోన్ మాట్లాడాలంటే డాబా ఎక్కి అరవాల్సిందే. మా గైడు ఫోన్ చేస్తే నేను అలాగే అరిచాను. "ఫ్రస్ట్రేషన్ చాలా ఎక్కువుంది సార్. ఎంత చల్లబడ్డా కుదురుకుంటలేదు. డిజార్డర్ కూడ ఉన్నట్టుంది. ఇంక కిందికి పోతే తప్ప తేలదు సార్." కోరుట్ల నుంచి నన్ను చూడటానికొచ్చిన మా మేనత్త అక్కడే మిరపకాయలు ఎండబోస్తోంది. ఆమె ఒక్క మాటా అనకుండా చాట చంకన పెట్టుకుని మెట్లు దిగిపోయింది. అత్త ఒక్క మాటా అనకపోవడం చూసి నేను అప్పుడే జాగ్రత్తపడాల్సింది.

ఆ సాయంత్రం నుంచి ఇంట్లో నాకు రాజభోగం. నేను గిన్నె ముట్టుకుంటే ఎవరో ఒకరు వచ్చి తీసుకుంటున్నారు. ఎప్పుడూ రెండు మాటలకు మించి మాట్లాడని బాపు పక్కన కూర్చుని, "హాస్టల్ల మంచిగనే నిద్ర పడుతుందా బిడ్డా?" అని అడిగాడు. తెల్లారగానే బాపు, అత్త, నేను కొండగట్టు ప్రయాణం. మొక్కుందంది అత్త. ఎవరి మొక్కని నేను అడగలేదు.

కొండ మీద కొబ్బరికాయ కొనుక్కుని లైన్లోకి వస్తుంటే, నన్ను చూడకుండా అత్త అంటున్న మాటలు వినిపించాయి. "తమ్మీ, చదువు బందు పెట్టియ్యి. పోరి మనసు ఖరాబైంది. కిందికి పోతనంటుంది, ఏ బాయిల దుంకుతదో ఏమో." మనసు బాగాలేనివాళ్లను కొండగట్టు హనుమంతుడు అంజన్న దగ్గరికి తీసుకొస్తే నయమవుతుందని మా వైపు నమ్మకం. నన్నెందుకు తెచ్చారో అప్పుడర్థమై నవ్వొచ్చింది. కానీ బాపు ముఖం చూడగానే ఆ నవ్వు ఆగిపోయింది. అందరూ పెళ్లి చేయమన్నప్పుడు చదవనిమ్మని పట్టుబట్టింది ఆయనే. ఇప్పుడాయన తలొంచుకుని, "నీ ఇష్టమక్కా" అంటున్నాడు.

"బాపూ, ఫ్రస్ట్రేషన్ నాకు కాదు, అయస్కాంతాలకు. కిందికి పోయేది నేను కాదు, టెంపరేచర్," అన్నాను. ఇద్దరూ నన్ను ఇంకా జాలిగా చూశారు.

ఇక లాభం లేదని అక్కడే పాఠం మొదలుపెట్టాను. ముగ్గురం త్రిభుజానికి మూడు మూలల్లా నిలబడ్డాం. "మనం మూడు అయస్కాంతాలం. ఎవరైనా సరే, మిగిలిన ఇద్దరికి ఉల్టా తిరగాలె. గదే లెక్క. నేను గుడి దిక్కు తిరిగిన. బాపూ, నువ్వు మెట్ల దిక్కు తిరుగు. ఇగ అత్తా, నువ్వు ఎటు తిరుగుతవు?"

అత్త మెట్ల వైపు తిరిగింది. "గట్లయితే బాపుతోని ఒక్కటే దిక్కయింది," అన్నాను. గుడి వైపు తిరిగింది. "ఇప్పుడు నాతోని ఒక్కటే అయింది." అత్త పంతం గల మనిషి. పూలదండ పట్టుకుని ఇటు తిరిగింది, అటు తిరిగింది, మళ్లీ ఇటు తిరిగింది. లైన్లో మా వెనక నిలబడ్డ, పెగడపల్లి నుంచొచ్చిన ఒకామె కళ్లు తుడుచుకుంటూ బాపు దగ్గరికి వచ్చి, "పాపం, మీ అక్కకు ఎప్పటి సంది గిట్లున్నది?" అని అడిగింది.

"నాకేం కాలే," అంది అత్త, తిరగడం ఆపకుండానే. "నేను అయస్కాంతాన్ని."

ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. దాంతో అత్తకు పౌరుషం వచ్చి, ఆమెను కూడా లాక్కొచ్చి నాలుగో మూలలో నిలబెట్టి లెక్క మొత్తం తనే చెప్పింది. స్పినెల్‌లో నిజంగానే పరమాణువులు నాలుగేసి గుంపులుగా ఉంటాయి. అది నేనింకా చెప్పనేలేదు. "మరి గవి ఎన్నడు కుదురుకోవా?" అని అడిగింది పెగడపల్లి ఆమె.

"కొన్ని ఎంత చలిలైనా కుదురుకోవు," అన్నాను. "కని ఆగం గావు. ఒకదాన్నొకటి కనిపెట్టుకునే ఉంటయి. గదేందో తెలుసుకునుడే నా పని."

"మా తమ్ముని బిడ్డ," అంది అత్త, లైనంతా వినేలా. బాపు నా చేతిలోని కొబ్బరికాయ తీసుకుని, "సెలవులు ఒడిసినంక నేనే అచ్చి బస్సెక్కిస్త. నీ పని నువ్వు చూస్కో," అన్నాడు. ఆయన తల అంత ఎత్తున ఉండటం నేను మళ్లీ నా డాక్టరేట్ పట్టా రోజునే చూశాను.

ఆ తర్వాత పెద్ద పెద్ద హాళ్లలో, తెరల మీద రంగుల బొమ్మలు వేసి ఇదే పాఠం చాలాసార్లు చెప్పాను. చప్పట్లు కొడతారు, మర్యాదగా ఒకటో రెండో ప్రశ్నలు అడుగుతారు. ఒక్కోసారి మాట్లాడుతూ మాట్లాడుతూ, పేరు మీద ఒక్క పరిశోధన పత్రమైనా లేకుండానే ప్రపంచానికి పాఠం చెప్పడానికి ఎండలో నిలబడ్డ ఆ చిన్నపిల్ల, అప్పటి నేను, గుర్తొస్తుంది. అంత ధైర్యం ఆమెకు ఎక్కడిదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ పిల్లనే అడగాలనిపిస్తుంది.