నా మీసం, నాగమ్మ చదువు

మీసం మనిషికి పరువు తెస్తుందని మా ఊళ్లో అంటారు. నా మీసం మాత్రం ఒక బిడ్డ చదువుకే ఎసరు పెట్టబోయింది. చెప్తాను, నవ్వుకోండి, నేను వద్దనను. తలచుకుంటే నాకే ఇప్పటికీ సిగ్గుతో చెవులు వేడెక్కుతాయి.

కర్నూలు రాజధానిగా వెలుగుతున్న రోజులు. నేను అక్కడ బి.ఎ. చదువుతూ, చెవిటి పిల్లలకు పంతులు కావాలని ఒక చిన్న బడిలో పని నేర్చుకునేవాణ్ణి. మద్రాసులో శిక్షణ పొందివచ్చిన పెద్ద టీచరమ్మ నాకు గురువు. వినబడని పిల్లలు ఎదుటివాళ్ల పెదవుల కదలిక చూసి మాటను పట్టుకుంటారని, అలాగే మెల్లగా పలకడం కూడా నేర్చుకుంటారని ఆమె చెప్పింది. పెదవుల గురించి నేను పేజీలకు పేజీలు రాసి చూపించాను. "బాగా రాసినావప్పా" అంది. ఈ విద్యలో నాకంటే తెలిసినవాడు జిల్లాలోనే లేడనుకున్నాను.

దసరా సెలవులయ్యాక ఏదో పని మీద మద్రాసు వెళ్తానని, అప్పుడు తరగతి నన్నే చూసుకోమని టీచరమ్మ ముందే చెప్పింది. తరగతి చేతికొచ్చాక పంతులు పంతులులా కనబడొద్దూ? అందుకే సెలవుల్లో ఊళ్లో కూర్చుని మీసం పెంచాను. అదేం మీసమనుకున్నారు, మజ్జిగ తాగితే సగం దానికే పోయేది. నూనె రాసి, దువ్వి, పిల్లల ముందు నిలబడ్డాను.

"బంతి" అన్నాను. పిల్లలు నా ముఖంలోకి చూశారు. ఎవరూ పలకలేదు. "బంతి" అని అరిచాను. చెవిటి పిల్లల ముందు గొంతు చించుకునే పంతులును మీరెక్కడా చూసి ఉండరు. నా అరుపులకు వీధిలో జట్కా గుర్రం బెదిరింది గానీ, తరగతిలో ఒక్కరూ నోరు తెరవలేదు. నాగమ్మ అని ఎనిమిదేళ్ల పిల్ల ఉండేది. టీచరమ్మ దగ్గర అప్పుడప్పుడే మాటలు పలుకుతున్న పిల్ల. అది తన జడ కొస తెచ్చి ముక్కు కింద పెట్టుకుని, దాని చాటున నోరు ఆడించి చూపించింది. పిల్లలంతా ఒకటే నవ్వు. నాకు ఒళ్లు మండి, దాన్ని గోడ దగ్గర నిలబెట్టాను. మర్నాడూ జడ పెట్టుకుంది, మర్నాడూ నిలబెట్టాను.

ఇంతలో ఒకరోజు పొద్దున్నే ఆదోని వైపు పల్లె నుంచి వాళ్ల నాయన తిమ్మప్ప వచ్చాడు.

"ఏమన్నా నేర్చుకుంటాండాదా సారూ, నా బిడ్డ?"

"లేదప్పా. మొద్దు. పైగా పొగరు."

తిమ్మప్ప బిడ్డ చేయి పట్టుకున్నాడు. "అట్లయితే ఈడెందుకులే, పిలుచుకపోతా. చేన్లో చెనిక్కాయ పీకేదానికి మనుషులు దొరకక చస్తాండాం."

"నీ ఇష్టం" అన్నాను.

నాగమ్మ వెనక్కి తిరిగి చూస్తూ చూస్తూ వెళ్లింది. నేను మీసం దువ్వుకుంటూ నిలబడ్డాను.

మధ్యాహ్నం టీచరమ్మ మద్రాసు నుంచి దిగింది. తరగతిని ఒకసారి కలయజూసింది.

"నాగమ్మ యాడ?"

"వాళ్ల నాయన పిలుచుకపోయినాడమ్మా. జడతో మీసం పెట్టుకోని నన్ను శానా ఎగతాళి చేసింది."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "నీ పెదాలు యాడుండాయప్పా?"

తడుముకున్నాను. దొరకలేదు.

"ఆ బిడ్డ ఎగతాళి చేయలే. నీ నోరు కనపడలేదని చెప్పింది. దానికి వచ్చిన భాషలో చెప్పింది."

ఆ క్షణంలో భూమి చీలితే బాగుండుననిపించింది. చీలలేదు. మంగలి దగ్గరికి పరుగెత్తాను.

మా వైపు తండ్రి పోతే తప్ప మీసం తీయరు. మంగలి కత్తి పట్టుకుని జాలిగా చూశాడు. "యాపొద్దు పోయినాడప్పా మీ నాయన?"

"పోలేదు. తీయి."

"దుఃఖంలో అట్లే అంటార్లే" అని తీశాడు.

ఆదోని వైపు పోయేవాళ్లు డోన్‌లో రైలు మారాలి. బస్సు పట్టుకుని డోన్ స్టేషను చేరేసరికి, తండ్రీకూతుళ్లు గుంతకల్లు రైలు కోసం ప్లాట్‌ఫారం మీద కూర్చుని ఉన్నారు. నన్ను చూడగానే తిమ్మప్ప తలగుడ్డ తీసి లేచి నిలబడ్డాడు.

"పొద్దున బాగనే ఉంటివే సారూ. మీ నాయన..."

"మా నాయన బాగుండాడప్పా. తప్పు నాది. నీ బిడ్డ మొద్దు కాదు."

అతను నమ్మలేదు. రెండింటిలో ఏదీ నమ్మలేదు. నేను నాగమ్మ ముందు గొంతుక్కూర్చున్నాను. వెలుతురు నా ముఖం మీద పడేట్టు తిరిగి, అరవకుండా, మెల్లగా అడిగాను. "ఇంటికి పోతావా? బడికి వస్తావా?"

అది నా పెదవుల్నే చూసింది.

"బడి" అంది.

కూతురి నోట మాట వినడం తిమ్మప్పకు అదే మొదలు. కూలబడి, తలగుడ్డ ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. నాకూ కళ్లు నిండాయి. తేరుకున్నాక నా చేయి పట్టుకుని అన్నాడు.

"పుణ్యాత్ముడు సారూ మీ నాయన. పోతా పోతా నా బిడ్డ నోట మాట పెట్టి పోయినాడు."

నేనిక వాదించలేదు, నాగమ్మను వెంటబెట్టుకుని బడికి తిరిగొచ్చాను. ఆ పుణ్యాత్ముడు ఆ తర్వాత చాలా ఏళ్లు బతికి, నా బోడి మూతి కనబడినప్పుడల్లా ముఖం తిప్పుకున్నాడు.

కాబట్టి అందరి ముందూ ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఏ తండ్రితోనూ నీ బిడ్డ మొద్దు అనను. నోరు జారి అనబోతే, ముందు అద్దంలో నా మూతి చూసుకుని వస్తాను.