అమావాస్య నాడు నీళ్ళు ఎటు పోతాయి

నా చిన్నప్పుడు మా భివండిలో నది రోజుకు రెండుసార్లు వెనక్కి నడిచేది. ఇప్పటికీ నడుస్తుంది, కాకపోతే ఇప్పుడు అద్దకాల రంగు కలిసిన ఆ నీళ్ళ వైపు తల తిప్పి చూసే తీరిక ఎవరికీ లేదు. అప్పట్లో మావాళ్ళలో చాలామందికి ఆ సంగతే తెలియదు. మేమంతా కరీంనగర్ వైపు నుంచి మగ్గాల పని కోసం వచ్చినవాళ్ళం. మా ఊరి వాగు వానాకాలం ఒకే దిక్కుకు పారేది, ఎండాకాలం ఎండిపోయేది. నీళ్ళంటే పోయేవే గాని తిరిగి వచ్చేవి కాదని మా నమ్మకం. ఇంత దగ్గరలో ఉన్నా సముద్రాన్ని చూసివచ్చినవాళ్ళు మా గల్లీలో ముగ్గురో నలుగురో.

అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. నిజాంపురాలో ఒక్క గది ఇంట్లో అమ్మ, నాన్న, తాతయ్య, నేను ఉండేవాళ్ళం. నాన్న మగ్గం నడిపేవాడు. అమ్మ ఇంట్లో కూర్చుని, మగ్గం నాడెలో పెట్టే నూలు కండెలు చుట్టేది. ఆ ఏడు వానలు మొదలైనప్పటి నుంచి ఆమెకు ఒకటే దగ్గు. శ్రావణం దాటేసరికి కండెలు చుట్టే చక్రం మూలకు చేరింది, అమ్మ చాపకు చేరింది. ఆస్పత్రి సూదులు పడుతూనే ఉన్నాయి, మనిషి తగ్గిపోతూనే ఉంది. అమ్మకు నయమవుతుందా అని అడిగితే పెద్దవాళ్ళందరూ తల ఊపేవారు. ఆ ఊపు అవునో కాదో నాకు తెలిసేది కాదు. పిల్లలకు అబద్ధం చెప్పడానికి కూడా బద్ధకించే పెద్దవాళ్ళంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మంట.

అందుకని నా అంతట నేనే ఒక మొక్కు మొక్కుకున్నాను. ఆ ఏడు పండగ మొదటి రోజు ఎంగిలిపూల బతుకమ్మను నేనే పేర్చి నదిలో వదులుతాను. అది సముద్రం దాకా పోతే అమ్మ లేచి కూర్చుంటుంది. ఈ మాట ఎవరికీ చెప్పలేదు. తాంబాళంలో గుమ్మడాకు పరిచి, అమ్మ చాప మీద నుంచి చెబుతుంటే వరుస మీద వరుస పేర్చాను. తంగేడు మాత్రం దొరకలేదు. ధామన్కర్ నాకా దగ్గర నాన్న కొనుక్కొచ్చిన బంతిపూలతోనే సరిపెట్టాల్సి వచ్చింది. తంగేడు లేని బతుకమ్మ ఏం బతుకమ్మ అని నేను మొహం ముడుచుకుంటే, "ఏం గాదు బిడ్డా, గౌరమ్మ సర్దుకుంటది," అంది అమ్మ. సర్దుకోవడం ఆమెకు బాగా తెలిసిన పని.

ఆ రోజు అమావాస్య. పొద్దుగూకాక ఆడవాళ్ళంతా నది ఒడ్డున ఆడి పాడి బతుకమ్మలను నీళ్ళలో వదిలారు. నాది పైన దీపంతో కొంచెం దూరం పోయింది. నిలబడింది. తర్వాత మెల్లగా వెనక్కి మళ్ళి, మా ముందు నుంచే కొండల వైపు పోయింది. అన్నీ అలాగే పోయాయేమో, నేను నాదొక్కటే చూశాను. పక్కింటి అవ్వ గుండె మీద చెయ్యి వేసుకుంది. "గౌరమ్మ మర్రొచ్చిందే! గిది మంచిది గాదు, ఎవరింట్లనో..." అని, నన్ను చూసి ఆగిపోయింది. ఆగకపోయినా బాగుండేది. తంగేడు పెట్టనందుకే అమ్మవారు నా పూలను తిప్పి కొట్టిందని, అమ్మను నేనే చంపుకుంటున్నానని అనుకున్నాను. ఇంటికి వెళ్ళాక "పోయిందా?" అని అమ్మ అడిగింది. పోయిందని చెప్పాను.

మర్నాడు పొద్దున అన్నం ముట్టలేదు. తాతయ్య నన్ను బయటికి తీసుకుపోయి, బుజ్జగించి సంగతంతా రాబట్టాడు. చేతులు వణకడం మొదలయ్యాక ఆయన మగ్గం పని మానేసి, ఖాడీలో ఇసుక తీసే పడవల దగ్గర కాపలా ఉండేవాడు. సముద్రపు నీళ్ళు ఊళ్ళలోకి చొచ్చుకు వచ్చే పెద్ద పాయను ఇక్కడ ఖాడీ అంటారు. తాతయ్య నా మాటకు నవ్వలేదు, కోప్పడలేదు. అమ్మ చుట్టడం మానేసిన ఖాళీ కండె ఒకటి తీసి, దానికి ఎర్ర దారం కట్టి, నన్ను నది ఒడ్డుకు తీసుకుపోయాడు.

కండెను నీళ్ళలో వేస్తే అది కొండల వైపు పోయింది. తాతయ్య పుల్లతో బురదలో గీత గీశాడు. ఇదిగో కొండలు, ఇక్కడ మన నది పుడుతుంది. ఇదిగో మన నిజాంపురా. ఇంకొంచెం కిందికి పోతే ఖాడీ, అది దాటితే సముద్రం. నది చిన్నది, సముద్రం పెద్దది. అది పొంగినప్పుడు దీన్ని వెనక్కి నెడుతుంది. ఎండాకాలం మనం నది అనుకుని చూసేది చాలావరకు సముద్రపు నీళ్ళే. ఇలా చెబుతూ మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టాడు. రొట్టె తిన్నాం. ఎండ నెత్తి మీదికి వచ్చి దాటాక నీళ్ళు నిలిచిపోయాయి, తర్వాత మళ్ళాయి. చాలాసేపటికి ఎర్ర దారం కట్టిన కండె మా ముందుకు తిరిగి వచ్చి, ఖాడీ వైపు పోయింది.

"పొద్దుగాల జూసినవ్ గదా, నీళ్ళెక్కుడు, అది భరతీ. గిది దిగుడు, ఓహోటీ," అన్నాడు తాతయ్య. "అమాస నాడు పొద్దుగూకినంక నీళ్ళు పైకెక్కుతయ్. అష్టమి నాడు అదే యాళ్ళకు దిగుతయ్. మనోళ్ళకు ఎర్కలేక ఎక్కే నీళ్ళల్ల ఏస్తున్రు. తంగేడు పెట్టినా గంతే, పెట్టకున్నా గంతే."

నా మీద నుంచి ఎంత బరువు దిగిందో చెప్పలేను. పండగ ఆఖరి రోజు సద్దుల బతుకమ్మ అష్టమి నాడే కదా, మరి ఆ రోజు వేస్తే పోతుందా అని అడిగాను. పోతుందన్నాడు. అయితే అమ్మకు నయమవుతుందా అన్నాను. అందరిలా తల ఊపలేదు. "నీళ్ళకు మీ అమ్మ ఎవరో ఎర్కలేదు బిడ్డా. మర్రొస్తే భయపడకు, పోతే మురవకు," అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఇంటిదాకా ఆయన వేలు పట్టుకోలేదు.

సద్దుల నాడు నా బతుకమ్మ దీపం ఆరకుండా, తిన్నగా ఖాడీ వైపు పోయింది. ఇక మీ అమ్మ లేస్తుందని పక్కింటి అవ్వ నన్ను దగ్గరికి తీసుకుంది. చూశావా అన్నట్టు తాతయ్య వైపు చూశాను. ఆయన నీళ్ళ వైపు చూస్తున్నాడు. ఇంటికి పరిగెత్తి, పోయింది పోయిందని అమ్మకు చెప్పాను. అమ్మ నవ్వింది. "మొన్న గూడ పోయిందంటివి గదనే, మల్ల గింత సంబురమేంది?" అంది. ఆమెకు అన్నీ తెలుసు.

దసరా దాటిన నాలుగో రోజు అమ్మ చనిపోయింది.

మూడో రోజు అస్థికలు తీసుకుని అదే ఒడ్డుకు వెళ్ళాం. గోదావరి దాకా పోయే శక్తి మాకు లేదు. నాన్న నీళ్ళలోకి దిగబోతుంటే తాతయ్య జబ్బ పట్టుకుని ఆపాడు. ఇంకా పైకే ఎక్కుతున్నాయి, ఆగమన్నాడు. ఎండలో అందరం కూర్చున్నాం. ఎవరో విసుక్కున్నారు కూడా. తాతయ్య వినిపించుకోలేదు. నీళ్ళకు అమ్మ ఎవరో తెలియదన్న మనిషే, అవి నిలిచి మళ్ళేదాకా కదలకుండా కూర్చుని, అప్పుడు నాన్నను దిగమన్నాడు. నాకు అప్పుడే ఏడుపు వచ్చింది, అంతవరకు రాలేదు. ఆ రోజే తాతయ్య వేలు మళ్ళీ పట్టుకున్నాను.

పోయిన ఏడు మా ఆయన పోయారు. ఆయనదీ దగ్గే, ఆయనవీ సూదులే. ఈ ఊళ్ళో దూది దుమ్ము ఎవరినీ ఊరికే వదలదు. ఆయన మంచాన పడ్డప్పుడు నేనేం మొక్కుకోలేదు. అస్థికల రోజు మా కూతురు ఫోన్‌లో భరతీ వేళలు చూసి చెబుతానంది. నేను వద్దని, సంచిలోంచి ఖాళీ కండె తీసి, ఎర్ర దారం కట్టి, నల్లగా నురగలు కక్కుతున్న ఆ నీళ్ళలో వేశాను. అది కొండల వైపు పోయింది. కూర్చోండి అన్నాను.

నయమవుతుందని ఆశపడటం తొమ్మిదో ఏటే మానేశాను. మనవాళ్ళను ఎక్కే నీళ్ళలో వదలకూడదన్నది ఒక్కటే మిగిలింది. మధ్యాహ్నం దాటింది. ఎర్ర దారం తిరిగి వచ్చి, మమ్మల్ని దాటి పోయేదాకా ఆగి, అప్పుడు ఆయన్ను వదిలాను.