మధ్యాహ్నం రెండింటి ద్రాక్షారిష్టం

శనివారం భోజనాలయ్యాక, అమలాపురంలో మా ఇంటి వెనక గదిలో కూచుని, కొట్లో అన్నిటికన్నా చవగ్గా దొరికే ద్రాక్ష వైను సీసా మూత తిప్పుతాను. బిరడా లాగి తీసే సీసాలు మన తాహతుకి మించినవి. స్టీలు గ్లాసులో సగం దాకా పోసుకుని, ఒళ్లో ఏదో ఒక హత్యల నవల పెట్టుకుంటే, పులిసిన ద్రాక్ష వాసన, అడుగంటిన బెల్లంపాకంలాగా కొంచెం వగరుగా ముక్కుకి తగులుతుంది. నా స్నేహితురాలొకామె ఇలాంటి గ్లాసుని గిర్రున తిప్పి, వాసన చూసి, ఏవేవో పళ్ల పేర్లూ చెట్ల పేర్లూ చెబుతుంది. నాకు మాత్రం ఏ సీసా మూత తీసినా ఒకటే వాసన, మా దొడ్డమ్మ తాగే ద్రాక్షారిష్టం వాసన. ఇది నా ముక్కులో ఉన్న లోపమే అయుండొచ్చు గానీ, బాగుచేయించుకునే ఉద్దేశం లేదు.

దొడ్డమ్మ అంటే మా పెదనాన్న భార్య. అంబాజీపేటకి దగ్గర్లో, కొబ్బరితోటల మధ్య ఉండేది మా ఉమ్మడి ఇల్లు. పెదనాన్న వేదం చదువుకున్న మనిషి, చుట్టుపక్కల ఊళ్లలో పెళ్లికైనా తద్దినానికైనా ఆయన చెప్పిందే శాస్త్రం. ఇంటిల్లిపాదికీ వండి వార్చేది దొడ్డమ్మ. వేసవిలో కాలవలు కట్టేసి ఊరంతా ఎండిన బురద వాసన వేస్తున్నప్పుడు పనసపొట్టు కొట్టే చప్పుడూ, వానల్లో తడిసిన కొబ్బరి డొక్కలు పొయ్యిలో పెడితే వంటింటి నిండా కమ్ముకునే పొగా, చవితినాడు ఉండ్రాళ్ల ఆవిరీ, పనసాకు బుట్టల్లో ఇడ్లీపిండి పోసి ఉడికించే పొట్టిక్కల కమ్మదనమూ, ఇవన్నీ ఆవిడ చేతి మీదుగానే మాకు తెలిసేవి. పిల్లలం కొబ్బరాకు బూరలు ఊదుకుంటూ, చింతపిక్కలాడుకుంటూ, గంటకోసారి ఏదో ఒకటి పెట్టమని ఆవిడ కొంగు పట్టుకుని లాగుతూ ఉండేవాళ్లం.

ఏ కాలమైనా సరే, మధ్యాహ్నం రెండయ్యేసరికి ఆవిడ వంటిల్లు కడిగేసి, చేతులు తుడుచుకుని, పెరటి వసారాలోకి వచ్చేసేది. రెండు నుంచి మూడు దాకా ఆవిడ ఎవరికీ దొరకదు. ముందు బీరువాలోంచి ద్రాక్షారిష్టం సీసా వచ్చేది. నేను పుట్టకముందెప్పుడో, ఒంట్లో నీరసంగా ఉందంటే వైద్యులుగారు నలభై రోజులు వాడమని ఇచ్చేరట. ఆ నలభై రోజులు పదకొండేళ్లయినా పూర్తి కాలేదు. వెండి ఉగ్గుగిన్నెలో సగం అరిష్టం, సగం నీళ్లు పోసుకుని, చిన్న చిన్న గుక్కల్లో గంటసేపు తాగేది. ఆ ఉగ్గుగిన్నె పుట్టబోయే పిల్లలకని పుట్టింటివాళ్లు ముచ్చటపడి పెళ్లిలోనే ఇచ్చేశారు. ఆవిడకి పిల్లలు పుట్టలేదు. ఈ రెండు సంగతులూ కలిపి ఆలోచించే వయసు నాకప్పుడు లేదు.

రెండో చేతిలో నవల ఉండేది. అమలాపురంలో పనిచేసే మా నాన్న అద్దె పుస్తకాల కొట్టునుంచి వారానికి రెండు తెచ్చి, పెదనాన్న కంట పడకుండా కూరల సంచీలో అడుగున పెట్టి అందించేవాడు. అట్టలూడిన పుస్తకాలు, పక్కన ఎవరెవరో రాసిన వ్యాఖ్యానాలు. వాటినిండా ఊటీలో బంగళాలు, మంచు, విమానాలు, సిగరెట్టు పెట్టె మీద వేలిముద్రలు. గోదావరి దాటి నాలుగుసార్లు కూడా వెళ్లని దొడ్డమ్మ ఆ గంటలో ఢిల్లీ, కాశ్మీరు తిరిగొచ్చేది. పక్కన పడుకున్న నాకోసం మెల్లిగా పైకి చదివేది. మన వైపు మర్యాద కదా, హత్య చేసినవాడికి కూడా గారు తగిలించేది. ఆవిడ గొంతులో హంతకుడుగారు కారు దిగి గుమ్మంలో చెప్పులు విప్పుతున్నట్టే ఉండేది.

నాకు తొమ్మిదేళ్లప్పటి వేసవిలో ఆ గంటకి గండం వచ్చింది, తెచ్చినదాన్ని నేనే. దొడ్డమ్మ రెండు రోజులకని రాజోల్లో ఉన్న తమ్ముడి ఇంటికి వెళ్లింది. రెండయ్యింది, వసారా బావురుమంటోంది. నాకు ఏడుపొచ్చింది. ఆవిడ చేసేవన్నీ చేస్తే ఆవిడ ఉన్నట్టే ఉంటుందనిపించి, బీరువా తీసి, ఉగ్గుగిన్నె నిండా అరిష్టం పోసుకున్నాను. నీళ్ల సంగతి మర్చిపోయాను. తియ్యగా ఉంది కదా అని మళ్లీ పోసుకున్నాను, మళ్లీ కూడా. నవల తెరిచి ఆగినచోటునుంచి చదవబోతే అక్షరాలు చీమల్లా నడిచి వెళ్లిపోతున్నాయి. సరిగ్గా అప్పుడే మంచినీళ్లకోసం పెదనాన్న అటొచ్చారు.

"పెదనాన్నగారూ, లోయలో పడిపోయినావిడ చచ్చిపోలేదండీ. అందరూ ఏడ్చి, కాల్చేసి, కర్మలు కూడా చేసేసేరండీ. ఆవిడేమో ఢిల్లీ స్టేషన్లో కాఫీ తాగుతోందండీ" అని చెప్పి, ఆయన పాదాల దగ్గరే పడి నిద్రపోయానట.

మర్నాడు దొడ్డమ్మ వచ్చి కాళ్లు కడుక్కోకముందే పెదనాన్న సీసా, పుస్తకం ఎదురుగా పెట్టారు. "ఇదేనా రోజూ జరిగేది?" అన్నారు.

"వైద్యులుగారు ఇచ్చేరండీ."

"నలభై రోజులకి ఇచ్చేరు" అన్నారాయన. ఆ లెక్క గుర్తున్న మనిషి ఇంట్లో ఒక్కరుంటే, అది ఆయనేనన్నమాట.

రెండూ బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి జంధ్యానికి ముడేసుకున్నారు. దొడ్డమ్మ కాళ్లు కడుక్కుని వంటింట్లోకి వెళ్లిపోయింది. రెండింటికి వంటిల్లు కడిగి వసారాలోకి వచ్చి, ఎప్పుడూ కూచునే చోటే, ఒళ్లో ఖాళీ చేతులు పెట్టుకుని, మూడయ్యేదాకా కూచుని లేచి వెళ్లింది. రెండో రోజూ అంతే, మూడో రోజూ అంతే. పక్కన పడుకుందామన్నా నాకు ధైర్యం చాల్లేదు. నా మూలంగా ఈవిడ నవ్వు పోయింది, ఇంక రాదు అనుకుంటూ ధాన్యం గది వెనక నక్కి ఏడ్చేదాన్ని. తప్పు నాదండీ అని పెదనాన్నకి చెబితే, ఆయన వినిపించుకోనట్టు పంచాంగం తిప్పారు.

అయిదో రోజు మధ్యాహ్నం కునుకు తీయాల్సిన పెదనాన్న వసారా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. కొబ్బరిచెట్లకేసి చూస్తూ, ఎవరినో అడిగినట్టు అడిగారు.

"ఆవిడ బతికుంటే, మరి దహనం చేసింది ఎవరినే?"

దొడ్డమ్మ తలెత్తింది.

"బతికున్న మనిషికి కర్మ చేసేరంటే మాటలా? ఎంత దోషం. అయిదు రోజులనుంచీ నిద్ర పట్టడం లేదు" అన్నారు పెదనాన్న.

"పుస్తకం బీరువాలో ఉందండీ. ఇంకా పది పేజీలున్నాయి."

ఆయన జంధ్యం మీద చెయ్యి వేసుకుని ఆగారు. "చదివి చెప్పు. ఈ ఒక్కరోజుకీ."

దొడ్డమ్మ ఒళ్లోంచి చేతులు తియ్యలేదు. మెల్లిగా, గౌరవం ఏమాత్రం తగ్గకుండా అంది. "ఒక్కరోజుకైతే నాకొద్దండీ. ఇదివరకట్లా రోజూ అయితేనే చదువుతాను. ఇంటెడు పనీ నాదే. ఈ గంట కూడా నాదేనండీ."

నేను ధాన్యం గది వెనకనుంచి తల బయటపెట్టి చూశాను. ఆ ఇంట్లో ఆయనతో అలా మాట్లాడినవాళ్లు లేరు. పెదనాన్న ముడి విప్పడానికి చాలా అవస్థ పడ్డారు, తాళంచెవి అందించి, "ఆయ్" అన్నారు. మా వైపు పెద్దవాళ్ల మాటకి సరేనని మర్యాదగా అనే ఆ ఆయ్, ఆయన దొడ్డమ్మతో అనగా నేను వినడం అదే మొదటిసారి.

నేనూ వచ్చి దొడ్డమ్మ పక్కన చేరాను. ఆవిడ చదువుతుంటే ఆయన మాకు వీపు పెట్టి కూచున్నారు. దహనం చేసింది ఆవిడ కవల చెల్లెల్నని తేలింది. పెదనాన్న చటుక్కున ఇటు తిరిగి, "ఆ పిల్లకి పెళ్లయిందా? అయితే గోత్రం వేరు కదే" అన్నారు. దొడ్డమ్మ పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకుని నవ్వింది. అయిదు రోజుల తర్వాత ఆ నవ్వు వినేసరికి నేను మాత్రం భోరున ఏడ్చేశాను.

ఆ అద్దె పుస్తకాల కొట్టున్న చోట ఇప్పుడు సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. వాటాలు పంచుకున్నాక పెరటి వసారా పడగొట్టేశారు. దొడ్డమ్మా పెదనాన్నా లేరు. మొన్న శనివారం మా ఆయన ఆవకాయ జాడీ ఎక్కడుందో అడగడానికి నా గది తలుపు తట్టబోతే, పదేళ్ల మా అమ్మాయి ఆపేసింది.

"అమ్మ చదువుకుంటోంది నాన్నా. మూడు దాటేక అడగండి."

ఆయన వెనక్కి వెళ్లిపోయారు. సూర్యుడు తూర్పున పొడుస్తాడన్నంత మామూలుగా చెప్పింది మా పిల్ల ఆ మాట. ఆ ఒక్క గంట కోసం ఒకావిడ అయిదు మధ్యాహ్నాలు ఖాళీ చేతులతో కూచుందని దానికి తెలియదు.